రెండు నెలలుగా కదలని సెస్నా: వారానికోసారి పది నిమిషాలు ఇంజన్ తిప్పితే చాలా?

విభాగం: సొంత విమానాలు, మరమ్మతులు

లివర్‌మోర్_గరుడ | శనివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది 1974 నాటి సెస్నా 172ఎం. ఇంజన్ 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320. ముగ్గురం కలిసి కొనుక్కున్నాం. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ విమానాశ్రయంలో హ్యాంగర్ అద్దెకు తీసుకుని ఉంచాం.

సంక్రాంతికి నేను తెనాలి వెళ్లాను. అమ్మకు కంటి ఆపరేషన్ కావడంతో అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండిపోయాను. భాగస్వాముల్లో ఒకరికి ఈ మధ్యే పాప పుట్టింది. మరొకరు ఉద్యోగం మారి సియాటిల్ వెళ్లారు. దాంతో డిసెంబర్ చివరి వారం తర్వాత విమానం నేల విడవలేదు.

పక్క హ్యాంగర్ పెద్దాయన ఎంతో కాలంగా ఎగురుతున్న మనిషి. "వారానికోసారి బయటికి లాగి పది నిమిషాలు ఇంజన్ తిప్పు, ఆయిల్ అన్ని భాగాలకూ అందుతుంది" అంటున్నారు. మా మెకానిక్ మాత్రం "ఎగరడానికైతేనే స్టార్ట్ చెయ్యి, లేకపోతే ముట్టుకోకు" అన్నారు. కారణం అడిగేలోపే ఇంకో పని మీద వెళ్లిపోయారు. ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. ఎవరి మాట వినాలి? ఎందుకు?

రివెట్_రాత్రులు | శనివారం ఉదయం 8:52

మెకానిక్ మాటే వినండి గరుడ గారూ, రెండో ఆలోచన వద్దు.

నేను డల్లాస్‌లో మా గ్యారేజీలో ఆర్‌వీ-7 అనే చిన్న విమానాన్ని సొంతంగా తయారు చేసుకుంటున్నాను. రెక్కలు అయ్యాయి, ఫ్యూజలాజ్ (విమానం మొండెం) పని నడుస్తోంది. దానికోసం తెప్పించిన కొత్త లైకమింగ్ ఇంజన్ ఇంకా పెట్టెలోనే ఉంది. కంపెనీ వాళ్లు దాన్ని ఎలా పంపారో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. లోపల మామూలు ఆయిల్ కాదు, తుప్పు పట్టకుండా కాపాడే నూనె పోశారు. పై స్పార్క్ ప్లగ్గుల స్థానంలో సిలికా జెల్ నింపిన పారదర్శకమైన బిరడాలు బిగించారు. గాలి లోపలికి పోయే దారులన్నీ మూసేశారు. ఆ జెల్ నీలంగా ఉన్నంతకాలం లోపల పొడిగా ఉన్నట్టు. గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టినట్టు, మార్చేయాలి. రోజూ గ్యారేజీలోకి అడుగుపెట్టగానే ముందు ఆ రంగే చూస్తాను.

అప్పుడప్పుడూ తిప్పడం వల్ల ఇంజన్ భద్రంగా ఉండేదైతే ఆ కంపెనీకి ఇంత జాగ్రత్త అవసరమే ఉండేది కాదు. ఇంజన్‌కు శత్రువు తేమ.

ఎరీ_సరస్సు | శనివారం ఉదయం 9:30

ఒహాయోలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. శీతాకాలంలో మా విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పెట్రోలు కాలితే నీరు పుడుతుంది. ఒక గ్యాలన్ ఇంధనం కాలితే దాదాపు ఒక గ్యాలన్ నీరు ఆవిరిగా తయారవుతుంది. ఎక్కువ భాగం ఎగ్జాస్ట్‌లోంచి బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. ఇంజన్ చల్లగా ఉంటే ఆ ఆవిరి లోహం మీద నీటిబొట్లుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. మనం వాడే 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలులో లెడ్ ఉంటుంది. ఆ లెడ్ సిలిండర్లలో పేరుకోకుండా బయటికి పోవడానికి బ్రోమిన్ సమ్మేళనం ఒకటి కలుపుతారు. కాలిన తర్వాత మిగిలే ఈ పదార్థాలు నీటితో కలిస్తే ఆమ్లాలు తయారవుతాయి. మనం తాళం వేసి ఇంటికి వెళ్లాక వారాల తరబడి అవి ఉక్కును తింటూనే ఉంటాయి.

ఈ నీటిని తరిమేది వేడి ఒక్కటే. ఆయిల్ ఉష్ణోగ్రత 165 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండేలా, 30 రోజులకు మించని వ్యవధిలో కనీసం ఒక గంట ఆపకుండా ఎగరాలని లైకమింగ్ చెబుతుంది. నేల మీద పది నిమిషాలు తిప్పితే నీరు పుడుతుంది కానీ ఆవిరై పోయేంత వేడి రాదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టి మూత బిగించినట్టే అవుతుంది.

నాదర్‌గుల్_పిల్లగాలి | శనివారం ఉదయం 10:05

నమస్తే మేడమ్. నేను హైదరాబాద్ దగ్గర నాదర్‌గుల్‌లో శిక్షణ తీసుకుంటున్నాను, ఇంకా ఒంటరిగా (సోలో) ఎగరలేదు. ఒక సందేహం. పది నిమిషాలు చాలకపోతే, గేజ్‌లో ముల్లు పచ్చ గీతలోకి వచ్చేదాకా నేల మీదే అరగంట తిప్పవచ్చు కదా?

ఎరీ_సరస్సు | శనివారం ఉదయం 10:20

మంచి ప్రశ్న తమ్ముడూ. రెండు అడ్డంకులు ఉన్నాయి.

పచ్చ గీత మొదలయ్యేది 100 డిగ్రీల దగ్గరే. ముల్లు అందులోకి వచ్చిందంటే టేకాఫ్‌కు ఆయిల్ సిద్ధమని మాత్రమే అర్థం. నీరు ఎగిరిపోయేంత వేడెక్కిందని కాదు.

రెండోది, ఇది గాలితో చల్లబడే ఇంజన్. విమానం ముందుకు దూసుకుపోతుంటేనే ఇంజన్‌ను కప్పే కౌలింగ్ లోపలికి గాలి సరిగ్గా వెళ్లి, దాన్ని మళ్లించే రేకులైన బ్యాఫిళ్ల గుండా నాలుగు సిలిండర్లకూ సమంగా అందుతుంది. నిలబెట్టి ఎక్కువసేపు తిప్పితే ఆయిల్ వేడెక్కకముందే సిలిండర్ల మీద అక్కడక్కడా అతిగా వేడి పుడుతుంది. దాన్ని ఏ గేజూ సరిగా చూపించదు. నీటిని తరమబోయి సిలిండర్లను కాల్చుకోవడం అవుతుంది.

పాత_హ్యాంగర్ | శనివారం మధ్యాహ్నం 1:15

బేగంపేటలో ఏఎంఈగా (విమాన మరమ్మతుల ఇంజనీరుగా) పని చేసి రిటైర్ అయ్యాను. చర్చ చదువుతుంటే చేతులు ఊరుకోలేదు.

మా తొలి రోజుల్లో క్లబ్బుల్లో పుష్పక్‌లు ఉండేవి. హెచ్ఏఎల్ తయారీ. 1958లో మొదటిసారి ఎగిరింది. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పి, దాన్ని బిగించే డోప్ అనే పూత పూసిన చిన్న విమానం, 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్. వానాకాలంలో దాన్ని కాపాడుకోవడమే మా సగం ఉద్యోగం. గుడ్డ అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోలేదు కదా అని రోజూ వేలు పెట్టి చూసేవాళ్లం. గొట్టాల అడుగు చివర్లలో తుప్పు మొదలవుతుంది, పైకి కనబడదు.

ఇంజన్ విషయానికి వస్తే గరుడ బాబు తెలుసుకోవలసింది ఒకటుంది. ఆ చిన్న కాంటినెంటల్ ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు కింద ఉంటుంది. ఇంజన్ ఆపినా ఆయిల్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మీ లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజన్ ఆపిన క్షణం నుంచీ ఆయిల్ దాని మీంచి కిందికి జారిపోతూ ఉంటుంది. వారాలు గడిచేసరికి మిగిలేది పలుచని పొర. దాని మీద తేమ చేరితే క్యామ్ లోబుల (ఉబ్బుల) మీద, వాటికి తగిలి కదిలే ట్యాపెట్ల ముఖాల మీద సూదిమొన అంత తుప్పు మచ్చలు పడతాయి. తర్వాత ఎప్పుడో ఇంజన్ తిప్పినప్పుడు ఆ మచ్చ దగ్గర గట్టి పొర పెచ్చుగా లేస్తుంది. ఒక్కసారి లేచిందా, ఇక ఆగదు. లోబు అరిగిపోతుంది, వాల్వు పూర్తిగా తెరుచుకోదు, బలం తగ్గుతుంది, ఆయిల్ ఫిల్టర్‌లో లోహపు రజను కనబడుతుంది. అప్పుడు ఇంజన్ విప్పి రెండుగా చీల్చడం తప్ప మార్గం లేదు.

ఇంకో కష్టం. ఆ క్యామ్‌ను సన్నని గొట్టం కెమెరా అయిన బోరోస్కోప్‌తో కూడా సులువుగా చూడలేం. ఒక సిలిండర్ తీస్తేనే బయటపడుతుంది. కాబట్టి కనబడని చోట జరిగే నష్టాన్ని ముందుగానే ఆపాలి.

విమానం ఎగిరి ఎగిరి పాడవుతుందని బయటివాళ్లు అనుకుంటారు. నా చేతుల మీదుగా వెళ్లిన ఇంజన్లలో ఎక్కువ కష్టపెట్టినవి నిలబడిపోయినవే. రోజూ విద్యార్థులు ఎడాపెడా దింపే శిక్షణ విమానాల ఇంజన్లు లోపల ఎంతో శుభ్రంగా ఉండేవి.

లివర్‌మోర్_గరుడ | శనివారం రాత్రి 7:40

గురువుగారూ, పాదాభివందనం. క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుందన్న సంగతి ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదు. మెకానిక్ చెప్పింది ఇప్పుడు అర్థమైంది.

ఇంకో ప్రశ్న. స్టార్ట్ చేయకుండా ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పితే? అదైనా మేలు చేస్తుందా?

పాత_హ్యాంగర్ | శనివారం రాత్రి 8:30

వద్దు బాబూ. చేత్తో తిప్పితే ఆయిల్ పంపు ఒత్తిడి పుట్టించదు, కొత్త ఆయిల్ పైకి రాదు. క్యామ్ మీద, సిలిండర్ గోడల మీద మిగిలిన ఆ కాస్త పొరను కూడా ట్యాపెట్లు, రింగులు తుడిచేస్తాయి.

దానికంటే పెద్ద ప్రమాదం, ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటో. తాళం చెవి మీ జేబులో ఉన్నా మ్యాగ్నెటో చల్లారిందని నమ్మకండి. దానికి బ్యాటరీ అక్కరలేదు, తిరిగితే చాలు, నిప్పు రాల్చుతుంది. తాళం ఆఫ్‌లో పెట్టినప్పుడు దాన్ని ఇంజన్ లోహానికి కలిపి (గ్రౌండ్ చేసి) ఆపే సన్నని తీగ ఒకటి ఉంటుంది. అది తెగిందంటే మ్యాగ్నెటో ఎప్పుడూ బతికే ఉన్నట్టు. సిలిండర్‌లో కొంచెం పెట్రోలు ఆవిరి ఉంటే ప్రొపెల్లర్ ఒక్కసారిగా తిరుగుతుంది. ప్రొపెల్లర్ ముందు నిలబడిన ప్రతిసారీ ఇంజన్ నడుస్తున్నట్టే భావించండి.

నాదర్‌గుల్_పిల్లగాలి | శనివారం రాత్రి 9:05

మాకు రన్నప్‌లో, అంటే టేకాఫ్‌కు ముందు చేసే ఇంజన్ పరీక్షలో, 1700 ఆర్‌పీఎం పెట్టి ఒక్కో మ్యాగ్నెటో మీద చూడమంటారు. 125 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు అని బట్టీ పట్టాను. అసలు ఒక మ్యాగ్నెటో మీద ఆర్‌పీఎం ఎందుకు పడుతుందో మాత్రం అర్థం కాలేదు. అస్సలు పడకపోతే ఇంకా మంచిదే కదా?

ఎరీ_సరస్సు | శనివారం రాత్రి 9:25

ఇంజన్‌కు రెండు మ్యాగ్నెటోలు. ఒక్కో సిలిండర్‌లో రెండు ప్లగ్గులు, ఒకదాన్ని ఒక మ్యాగ్నెటో, రెండోదాన్ని ఇంకో మ్యాగ్నెటో వెలిగిస్తాయి. రెండు ప్లగ్గులూ వెలిగితే మంట రెండు వైపుల నుంచి మొదలై మధ్యలో కలుస్తుంది, తొందరగా కాలుతుంది. ఒక్కటే వెలిగితే మంట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పాకాలి. ఆ ఆలస్యమే మీకు ఆర్‌పీఎం తగ్గుదలగా కనబడుతుంది.

అస్సలు పడకపోతే సంతోషించవద్దు. మీరు ఆపామనుకున్న మ్యాగ్నెటో ఇంకా నడుస్తోందేమో. గురువుగారు చెప్పిన తెగిన తీగ బయటపడేది ఇలాగే. అలా జరిగితే టాక్సీ చేసుకుంటూ వెనక్కి వెళ్లి మెకానిక్‌కు చెప్పాలి. ప్రొపెల్లర్ దగ్గరికి ఎవరినీ రానివ్వకూడదు.

శంషాబాద్_గట్టు | శనివారం రాత్రి 10:10

నేను పైలట్‌ని కాదు. సెలవు రోజు వస్తే కెమెరా, మంచినీళ్ల సీసా పట్టుకుని శంషాబాద్ చుట్టుపక్కల రన్‌వే దారిలో నిలబడే మనిషిని. చర్చ చదువుతుంటే 2020 గుర్తుకొచ్చింది. మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయినప్పుడు వరుసగా నిలబెట్టిన విమానాల ఇంజన్లకు ముసుగులు వేసి ఉండేవి. వాటి ఇంజన్లను మాత్రం అప్పుడప్పుడూ నేల మీదే తిప్పేవారని విన్నాను. జెట్‌కు మంచిదైనది సెస్నాకు చెడ్డదెలా అయింది?

పాత_హ్యాంగర్ | ఆదివారం ఉదయం 6:20

జెట్ ఇంజన్‌లో పిస్టన్లు లేవు, క్యామ్ లేదు. మంట మండే చోటికీ ఆయిల్ ఉండే చోటికీ సంబంధం చాలా తక్కువ. కాలిన వాయువులోని నీరు ఆయిల్‌లోకి దిగదు. ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు తిప్పాలో, ఎప్పుడు పూర్తిగా భద్రపరచాలో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. దానికి ఆ పద్ధతి, దీనికి ఈ పద్ధతి. ఏ ఇంజన్‌కైనా దాని పుస్తకమే ప్రమాణం.

నిలబడిన విమానాల్లో పెద్దవాటికీ చిన్నవాటికీ ఒకే బెడద ఒకటుంది, పురుగులు. పిటాట్ గొట్టంలో కందిరీగ మట్టి పెడితే వేగం చూపే ముల్లు పని చేయదు. గరుడ బాబూ, పిటాట్‌కు తొడుగు వేసే ఉంచారా?

శంషాబాద్_గట్టు | ఆదివారం ఉదయం 7:00

ధన్యవాదాలు గురువుగారూ. ఈ సందర్భంలో ఒక్క మాట చెప్పి ఆపుతాను. 2016 మేలో ఆంటనోవ్ ఏఎన్-225 మ్రియా శంషాబాద్‌లో దిగింది. ఆరు ఇంజన్లు, 32 చక్రాలు, ప్రపంచంలో అలాంటిది అదొక్కటే. 2022లో యుద్ధంలో అది ధ్వంసమైందని తెలిసిన రోజు విమానాలు చూసి ఫొటోలు తీసే మా స్పాటర్ల బృందంలో అందరి మనసూ పాడైంది. మన నేల మీద దిగిన ఆ యంత్రాన్ని చూడగలిగిన వాళ్లు అదృష్టవంతులు.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 9:00

మ్రియా మీద వచ్చిన మరిన్ని జవాబులను స్పాటర్ల విభాగంలోకి మార్చాను. ఫొటోలు అక్కడే పెట్టండి. ఇక్కడ గరుడ గారి సెస్నా సంగతి కొనసాగనివ్వండి.

రివెట్_రాత్రులు | ఆదివారం ఉదయం 9:45

గరుడ గారూ, ఎగిరే ముందు ఏమేమి చూడాలో మీ మెకానిక్‌తో కూర్చుని రాసుకోండి. రెండు నెలలు నిలబడిన విమానానికి రోజువారీ తనిఖీ చాలదు. కౌలింగ్ పైభాగం పూర్తిగా విప్పండి. ఎలుక గూడు కడితే బ్యాఫిళ్ల వెనకే కడుతుంది, నూనె పోసే చిన్న తలుపులోంచి చూస్తే కనబడదు. గాలి ఫిల్టర్ పెట్టె లోపల కూడా చూడండి. పాత సెస్నాల రెక్కల మీద పెట్రోలు మూతల రబ్బరు ఎండిపోయి పగులుతుంది. మీది హ్యాంగర్‌లో ఉంది కాబట్టి వాన నీరు దిగి ఉండదు, అయినా మూడు చోట్లా పెట్రోలు తీసి చూడండి. తీసే ముందు రెక్క చివర పట్టుకుని కొంచెం ఊపండి. ట్యాంకు మూలల్లో దాగిన నీరు డ్రెయిన్ దగ్గరికి వస్తుంది.

ఎరీ_సరస్సు | ఆదివారం ఉదయం 10:30

కాగితాల సంగతి కూడా. వార్షిక తనిఖీ గడువు ఎప్పటిదాకా? ఆ నెల చివరి రోజు దాటితే మామూలుగా ఎగరడానికి లేదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. ఈఎల్‌టీ (ప్రమాదం జరిగితే సంకేతం పంపే పరికరం) బ్యాటరీ తేదీ చూడండి.

ఇక మీ సంగతి. గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే పక్కన ఎవరినీ కూర్చోబెట్టుకోకూడదు. విమానానికి ఎంత విరామం వచ్చిందో మీకూ అంతే వచ్చింది. ఆ మొదటి గంట ఒక ఇన్‌స్ట్రక్టర్‌ను తీసుకెళ్లండి, లేదా ఒక్కరే వెళ్లండి. ఇంజన్ మీద అనుమానం ఉన్న రోజున ల్యాండింగ్ మీద కూడా అనుమానం ఉండకూడదు.

లివర్‌మోర్_గరుడ | ఆదివారం మధ్యాహ్నం 12:15

వార్షిక తనిఖీ ఏప్రిల్ చివరిదాకా ఉంది. పిటాట్ తొడుగు వేసే ఉంది గురువుగారూ. వచ్చే శనివారం మెకానిక్ వస్తానన్నారు, నాకు తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ కూడా ఒప్పుకున్నారు. అప్పటిదాకా తాళం చెవి కూడా ముట్టుకోను.

లివర్‌మోర్_గరుడ | తర్వాతి శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఈ రోజు జరిగింది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

కౌలింగ్ విప్పితే రివెట్ గారు చెప్పిన చోటే, ఎడమ వెనక సిలిండర్ మీద, ఎండుగడ్డి, దూది కలిపి గూడు సగం కట్టి ఉంది. ఎలుక లేదు. తీసేసి చుట్టుపక్కల తీగలన్నీ చూశాం, కొరికిన గుర్తులు లేవు. దాన్ని అలాగే వదిలి ఎగిరితే ఆ సిలిండర్‌కు గాలి అందేది కాదు, గడ్డి అంటుకున్నా అంటుకునేది.

పై ప్లగ్గులు తీసి బోరోస్కోప్ పెట్టాం. మూడు సిలిండర్ల గోడలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగో దాంట్లో ఒక పక్క పలుచగా తుప్పు రంగు కనబడింది. ఎగిరితే రింగులే తుడిచేస్తాయని, వార్షిక తనిఖీలో మళ్లీ చూద్దామని మెకానిక్ అన్నారు. ప్లగ్గులకు కొత్త రాగి వాషర్లు వేసి, 35 ఫుట్‌పౌండ్ల టార్క్‌తో బిగించాం. పెట్రోలులో నీరు లేదు. కుడి టైరులో గాలి తగ్గింది.

రన్నప్‌లో 1700 దగ్గర కుడి మ్యాగ్నెటో మీద 80 పడింది. ఎడమ మీద 170 పడి ఇంజన్ గరగరలాడింది. మనసు చివుక్కుమంది. ఇన్‌స్ట్రక్టర్ నిబ్బరంగా ఆర్‌పీఎం 2000కు పెంచి, గాలి, పెట్రోలు మిశ్రమాన్ని నెమ్మదిగా పలుచన చేసి (పెట్రోలు తగ్గించి), ఆర్‌పీఎం గరిష్ఠానికి చేరిన చోట నిమిషం పాటు ఉంచారు. మళ్లీ చూస్తే ఎడమ మీద 90. శబ్దం కూడా సాఫీగా ఉంది.

అప్పుడే బయల్దేరాం. ఆల్టమాంట్ కనుమ మీద గాలిమరలన్నీ తిరుగుతున్నాయి. అవతల లోయ అంతా వాన తర్వాతి పచ్చదనం. గంటకు పైగా ఎగిరాం. ఆయిల్ ఉష్ణోగ్రత 180 దగ్గర నిలబడింది. తిరిగొచ్చి మూడు ల్యాండింగ్‌లు చేశాం. వేడి మీదే ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి అయస్కాంతంతో చూశాం. లోహపు రజను ఏమీ అంటలేదు. ఆయిల్ నమూనా ప్రయోగశాలకు పంపాం.

పాత_హ్యాంగర్ | ఆదివారం ఉదయం 6:10

శుభవార్త బాబూ. ఒక్క ఫిల్టర్‌తో తీర్పు చెప్పలేం. క్యామ్ మీద పెచ్చు లేస్తుంటే వచ్చే రెండు మూడు ఫిల్టర్లలో బయటపడుతుంది. ప్రతిసారీ కోసి చూడండి, చూసినది తేదీతో లాగ్‌బుక్‌లో రాయండి. "ఏమీ లేదు" అని రాయడం కూడా ముఖ్యమే. మీ తర్వాత ఆ విమానాన్ని చూసే మెకానిక్‌కు అదే ఆధారం.

నాదర్‌గుల్_పిల్లగాలి | ఆదివారం ఉదయం 8:00

గరుడ అన్నా, అభినందనలు! మిశ్రమాన్ని పలుచన చేస్తే మ్యాగ్నెటో ఎలా బాగుపడింది?

ఎరీ_సరస్సు | ఆదివారం ఉదయం 8:35

మ్యాగ్నెటోకు ఏ జబ్బూ లేదు, జబ్బు ప్లగ్గుది. లెడ్ చిన్న పూసలుగా, ఎక్కువగా కింది ప్లగ్గుల్లో పేరుకుంటుంది. పలుచని మిశ్రమం వేడిగా మండి ఆ పూతను కాల్చేస్తుంది. కాలకపోతే వెనక్కి వెళ్లి ప్లగ్గు తీసి శుభ్రం చేయడమే, "గాలిలోకి వెళ్తే అదే పోతుంది" అనుకుని టేకాఫ్ చేయకూడదు.

గరుడ గారి ఇంజన్‌కు ఈ సమస్య ఎక్కువే. తక్కువ కంప్రెషన్ ఇంజన్ అది, పాత 80/87 పెట్రోలు కోసం తయారైంది. ఆ పెట్రోలు ఇప్పుడు దొరకదు. 100ఎల్ఎల్‌లో దానికంటే నాలుగు రెట్ల దాకా లెడ్ ఉండవచ్చు. పేరులో "లో లెడ్" అని ఉన్నది ఇంకా పాతదైన 100/130తో పోల్చి. టాక్సీ చేసేటప్పుడు మిశ్రమాన్ని బాగా పలుచన చేసే అలవాటు పెట్టుకోండి.

లివర్‌మోర్_గరుడ | ఆదివారం ఉదయం 11:00

శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూలో 2022 జనవరి 1 నుంచి లెడ్ ఉన్న పెట్రోలు అమ్మడం ఆపేశారు. మాకు కొద్ది నిమిషాల దూరమే. ఆ విమానాశ్రయం చుట్టూ ఇళ్లు, బడులు ఉన్నాయి. అక్కడి పిల్లల రక్తంలో లెడ్ గురించి కౌంటీ చేయించిన అధ్యయనం తర్వాత తీసుకున్న నిర్ణయం అది. పైలట్లలో చాలామందికి నచ్చలేదు. నాకు మాత్రం సరైనదనే అనిపిస్తుంది. మా ఇంజన్‌కు 94 ఆక్టేన్ లెడ్ రహితం సరిపోతుంది, అనుమతి పత్రం తీసుకునే పనిలో ఉన్నాను.

రివెట్_రాత్రులు | ఆదివారం ఉదయం 11:30

ఒక్క జాగ్రత్త. లెడ్ రహిత ఇంధనాలన్నింటినీ ఒకదానితో ఒకటి కలపడానికి అనుమతి లేదు. మీ పత్రంలో ఏది రాసి ఉందో, ఆ ఊళ్లో ఏది అమ్ముతున్నారో చూసుకుని పోయించుకోండి.

అన్నట్టు, లివర్‌మోర్ అంటే శివవిష్ణు ఆలయం ఉన్న ఊరే కదా? అమెరికా పైలట్లు హాంబర్గర్ కోసం పక్క ఊరికి ఎగిరి వెళ్తారు. మా ఆర్‌వీ పూర్తయ్యాక డల్లాస్ నుంచి మీ ఊరికి పులిహోర ప్రసాదం కోసం వస్తాను. ఆ తర్వాతి జూలైలో విస్కాన్సిన్‌లో జరిగే పెద్ద విమానాల పండగకు, ఆష్‌కాష్ వెళ్దాం. రిపన్ దగ్గర నుంచి రైలు పట్టాల మీదుగా 1,800 అడుగుల్లో, 90 నాట్ల వేగంతో, ఒకరి వెనక ఒకరు ఫిస్క్ దాకా వెళ్లాలి. అక్కడ కంట్రోలర్ మీ విమానం రంగు చెప్పి "రెక్కలు ఊపండి" అంటారు. మాట్లాడకుండా ఊపితే చాలు. దాని కోసమే నేను రాత్రుళ్లు రివెట్లు కొడుతున్నాను.

లివర్‌మోర్_గరుడ | ఆదివారం మధ్యాహ్నం 1:40

తప్పకుండా రండి, హ్యాంగర్‌లో చోటు చూసి పెడతాను.

భాగస్వాములతో మాట్లాడాను. ముగ్గురం ఫోన్లో ఒకే క్యాలెండర్ పెట్టుకున్నాం. మూడు వారాలు గడిచినా ఎవరూ ఎగరకపోతే మా ముగ్గురికీ సందేశం వస్తుంది, ఎవరి వంతైతే వాళ్లు గంట ఎగరాలి. ముగ్గురికీ కుదరకపోతే ఇన్‌స్ట్రక్టర్‌కు డబ్బిచ్చి ఎగిరించమంటాం. సియాటిల్ ఆయన కూడా నెలకోసారి వస్తానన్నారు. ఇంకా ఎక్కువ కాలం ఆగాల్సి వస్తే, భద్రపరిచే నూనె పోసి పూర్తిగా మూసేస్తాం.

ఇక మిగిలింది పొడి గాలి పంపు. సిలికా జెల్ గుండా గాలిని తిప్పి క్రాంక్‌కేస్‌లోకి పంపే పరికరం ఇంట్లోనే చేసుకోవచ్చని చదివాను. మీలో ఎవరైనా చేసుకున్నారా?

రివెట్_రాత్రులు | ఆదివారం మధ్యాహ్నం 2:05

నా స్నేహితుడి హ్యాంగర్‌లో ఉంది. చేపల తొట్టెకు వాడే చిన్న గాలి పంపు, మూత గట్టిగా బిగిసే సీసాలో రంగు మారే సిలికా జెల్, రెండు ప్లాస్టిక్ గొట్టాలు. ఒక గొట్టం క్రాంక్‌కేస్ గాలి బయటికి వచ్చే బ్రీదర్‌లోకి, మరొకటి ఆయిల్ పోసే గొట్టంలోకి. తిరిగి వచ్చిన గాలి మళ్లీ జెల్ గుండానే వెళ్లాలి, బయటి గాలిని పీల్చకూడదు. లేకపోతే హ్యాంగర్‌లోని తేమనంతా లోపలికి తోస్తారు. జెల్ రంగు మారితే ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఎగిరి వచ్చాక ఇంజన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే పెట్టండి.

పాత_హ్యాంగర్ | ఆదివారం మధ్యాహ్నం 3:30

ఆ గొట్టాలకు రెండింటికీ పొడవైన ఎర్ర రిబ్బన్లు కట్టండి. ఒకదాని చివర ప్రొపెల్లర్‌కు ముడివేయండి, ఇంకొకటి తాళం చెవికి. గొట్టం తీయకుండా ఎవరూ స్టార్ట్ చేయకూడదు.

లివర్‌మోర్_గరుడ | ఆదివారం మధ్యాహ్నం 3:50

రిబ్బన్లు ఈ సాయంత్రమే కొంటాను గురువుగారూ. ఆయిల్ నమూనా ఫలితం రాగానే అంకెలతో సహా ఇక్కడే పెడతాను.